నాలుగో ముడి

మే 14

వదినకి,

ముందు చేరానని చెప్పేస్తాను, మిగతావి తర్వాత. చేరాను. సామాను కూడా చేరింది. నువ్వు బలవంతాన పెట్టిన శాలువా ఇక్కడి ఎండకి అక్కర్లేదు, అయినా మడిచి తలగడ కింద పెట్టుకుంటున్నాను. దానికి నువ్వు పొంగిపోనక్కర్లేదు, తలగడ పల్చగా ఉంది.

ఫోను చేయలేదని అనుకోకు. ఫోనులో నీకు వినపడదు. నీకు వినపడేలా నేను అరిస్తే ఇంట్లో అందరికీ వినపడుతుంది, ఎందుకంటే ఈ ఇంటికి ప్రస్తుతం తలుపులు లేవు. అన్నీ ఊడదీసి పెరటి గోడకి ఆనించారు. అందుకని ఇక మనకి ఉత్తరాలే గతి.

ఈ పరాయి దేశంలో, పొలాల మధ్య పాత రాతి ఇల్లు. గోడలు మూరన్నర మందం. వార్డెన్ వాళ్ళాయన ముచ్చటపడి కొన్నాడు, బాగుచేయించకుండానే పోయాడు. వార్డెన్ నీకు తెలుసుగా, హాస్టల్లో నా గదిలో ఉండేది, లైట్లు ఆర్పమని అందరి మీదా అరిచి ఆ పేరు తెచ్చుకుంది. ఇప్పుడూ అరుస్తుంది. మూడేళ్ళు ఇంటికి తాళం వేసి ఉంచి, ఈ వేసవిలో ఎలాగైనా నిలబెట్టాలని నన్నూ పొట్టినీ పిలిపించింది. పొట్టి మా ముగ్గురిలో మూడోది, వంట దానిది. నక్షాలు నావి. ముప్పయ్యేళ్ళు ఆఫీసులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి ప్లాన్లు గీశాను, ఒక్క గోడకీ చేత్తో సున్నం పూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఇప్పుడు పూస్తున్నాను. చెప్పేవాడు ఒక ముసలి మేస్త్రీ. ఆయన భాష మాకు రాదు, మా భాష ఆయనకి రాదు, కాబట్టి గొడవలు లేవు.

పొద్దున్నే నదిలో స్నానం. మధ్యాహ్నం చెట్టు కింద బల్ల వేసుకుని భోజనం. ఇక్కడ తొమ్మిదింటి దాకా పొద్దు పోదు, పోయేదాకా కబుర్లు, పాత పాటలు. పొట్టి పాడుతుంటే మేస్త్రీ తాపీ పక్కన పెట్టి వింటాడు. ఏ పాటో ఆయనకి తెలియదు, తల మాత్రం ఊపుతాడు.

ఇంకో సంగతి. ఇక్కడ నా మంచం మీద ఎవరూ అట్టపెట్టెలు ఎక్కించరు. బయల్దేరే ముందు రోజు మీ అబ్బాయి పెట్టెలు నా గదినిండా పేర్పించావు. ఇది నా గదా, మీ గోడౌనా అని నేను అడిగితే వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయావు. నీకు వినపడింది. నాకు తెలుసు.

తిరుగు టిక్కెట్టు జూన్ ఆఖరుకే ఉంది గానీ, నిజం చెప్పాలంటే ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది.

నీ ఆడపడుచు


మే 28

అమ్మాయ్,

ఉత్తరం పన్నెండు రోజులకి వచ్చింది. చెవి మిషను తీసి పక్కన పెట్టి చదివాను. ఉత్తరానికి చెవెందుకని మావాడు నవ్వాడు. అది పెట్టుకుంటే నా బుర్రలో ఏదో గుయ్యిమంటుంది, నీ గొంతు వినపడదు.

నదిలో స్నానం బాగుంది. నీకు ఈత రాదన్న సంగతి నదికి తెలుసా? మోకాళ్ళ లోతు దాటకు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నువ్వు తొమ్మిదేళ్ళ పిల్లవి. నూతి గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపేదానివి, నా ప్రాణం ఎగిరిపోయేది. నీకు అరవై వచ్చినా ఆ భయం పోలేదు నాకు.

పెట్టెల గురించి దెప్పావు. మావాడికి ఈ ఊరికి బదిలీ అయింది కదా, ఇల్లు దొరికేదాకా నాలుగు రోజులు అనుకున్నాం. దొరకలేదు. పెళ్ళాం, వాడూ హాల్లోనే సర్దుకుంటున్నారు. నీ గది నీదే. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. దాన్ని దోపుకుని తిరుగుతుంటే నడుం ఒరుసుకుపోతోంది.

ఉండిపోవాలనిపిస్తే ఆపేవాళ్ళెవరు? మీ అన్నయ్య ఉన్నప్పుడు ఆయన కోసం ఉన్నావు, ఆయన పోయిన ఈ నాలుగేళ్ళూ నా కోసం ఉన్నావు. ఆ మేడ గదిలో నిన్ను కట్టేసి ఉంచానని రేపు నలుగురూ అనకూడదు. నీకు ఎక్కడ బాగుంటే అక్కడ ఉండు.

వదిన


జూన్ 11

వదినకి,

నీ పెద్దమనసుకి నమస్కారం. ఎక్కడ బాగుంటే అక్కడ ఉండమన్నావు. సరే, ఉంటున్నాను. వార్డెన్ నా టిక్కెట్టు జూలై ఆఖరుకి మార్పించింది. నన్ను అడగలేదనుకో, నీ కోసమే మార్చాను అంది. చనువు అంటే అదీ.

పైకప్పు పెంకులు అయిపోయాయి. రెండు దూలాలు పుచ్చిపోతే కొత్తవి వేశారు. గోడలకి గార మొదలుపెట్టాం. ఇది సిమెంటు కాదు, సున్నం. పూశాక తొందరగా ఆరకూడదు, ఆరితే బీటలు తీస్తుంది. తడి గోనెపట్టాలు కప్పి గంటకోసారి నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఆ చల్లడం నా వంతు. చంటిపిల్లని చూసుకున్నట్టే ఉంటుంది, వదిలి ఎక్కడికీ కదలడానికి ఉండదు.

మేడ మీద మూడు గదులు. ఒకటి తనకి, ఒకటి పొట్టికి, ఒకటి నాకు అని వార్డెన్ తేల్చేసింది. ముప్పయ్యేళ్ళు పక్కవాళ్ళకి గీశావు, ఈ ఒక్కటి నీకు గీసుకో అని నా చేతికి పెన్సిలు ఇచ్చింది.

నువ్వొక పని చెయ్యి. మన ఇంట్లో నా గది కిటికీ వెడల్పు, మంచం పక్కన గోడలో ఉన్న అలమార నేల నుంచి ఎంత ఎత్తు, గడప ఎంత ఎత్తు, ఈ మూడూ ఎవరిచేతైనా కొలిపించి రాయి. ఎందుకో అడగకు. చెప్పినా నవ్వుతావు.

చేతులు పగిలాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. సంతోషంగానే ఉన్నాను.

నీ ఆడపడుచు


జూన్ 25

అమ్మాయ్,

ఎందుకో అడగను. అడగకపోయినా తెలుస్తూనే ఉంది. అక్కడ నీ గదికి కాబోలు. ఎవరిచేతైనా అన్నావు గానీ, నీ గదిలోకి ఎవరినైనా పంపితే నువ్వు ఒప్పుకునే రకమా? నేనే ఎక్కాను. పదిహేడు మెట్లు. ఎక్కడానికి పావుగంట, దిగడానికి అరగంట. మధ్య మలుపులో కూర్చుండిపోతే కోడలు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. మేడ ఎక్కి నాలుగేళ్ళయింది. నీ గదిలో దుమ్ము వేలెడు మందం ఉంది, నువ్వు లేనప్పుడు ఊడవకూడదన్న నియమం ఏమైనా ఉందా?

టేపు అంకెలు నాకు కనపడవు. పురికొసతో కొలిచి ముడులు వేశాను, చుట్టి ఇందులో పెట్టాను. కొస నుంచి మొదటి ముడి దాకా కిటికీ. అక్కడి నుంచి రెండో ముడి దాకా అలమార ఎత్తు. అక్కడి నుంచి మూడో ముడి దాకా గడప.

ఇక నా మాట ఒకటి. కోడలు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తుంది. హాల్లో నేను పాలవాడితో మాట్లాడితే వాళ్ళ ఆఫీసంతా వింటోందట. మొన్న వాళ్ళ పెద్దాఫీసరు, ఆ పాలు నీళ్ళగా ఉంటే మాన్పించెయ్యండి అన్నాడట. కోడలికి తలుపున్న గది కావాలి. నోరు తెరిచి అడగదు, మంచి పిల్ల. నీకు అక్కర్లేదంటే నీ గది వాళ్ళకి ఇస్తాను. ఉండనీ అంటే తాళం తీయను. ఒక్క మాట రాయి.

వదిన


జూలై 8

వదినకి,

పురికొస అందింది. రెండు వారాలు ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చున్నాను, గది ఖాళీ చేయమని వచ్చింది. ఎప్పుడొస్తావని మాత్రం ఒక్క ముక్క లేదు.

ఇచ్చేయ్. నాకిక్కడ నదికి ఎదురుగా గది తయారవుతోంది.

నీ ఆడపడుచు


జూలై 21

అమ్మాయ్,

ఇచ్చేశాను. నీ సామాను ఏడు పెట్టెలయింది. పుస్తకాలు, నక్షాల చుట్టలు, ఎందుకు దాచావో తెలియని ఖాళీ సీసాలు, అన్నీ నా గదిలో పెట్టించాను. వాళ్ళు వాళ్ళ మంచం తెచ్చుకున్నారు, నీది కిందికి దింపించాను.

నీ ఉత్తరం నాలుగు ముక్కలే ఉంది. సుఖంగా ఉంటే నువ్వు నాలుగు పేజీలు రాస్తావు, కోపం వస్తే నాలుగు ముక్కలు రాస్తావు. కోపం నా మీదో, అక్కడివాళ్ళ మీదో తెలియలేదు. నిజం చెప్పు. అక్కడ నీకు బాగుందా?

వదిన


ఆగస్టు 4

వదినా,

నాలుగు పేజీలు రాస్తున్నాను. సుఖంగా ఉండి కాదు.

బాగా లేదు. మే నెల నుంచీ బాగా లేదు. రాసినవన్నీ అబద్ధాలు కావు గానీ సగం సగం రాశాను. నదిలో స్నానం నిజమే, ఇంట్లోకి నీళ్ళు రావడానికి నెల పట్టింది కాబట్టి. చెట్టు కింద భోజనం నిజమే, లోపల తింటే కంచంలో సున్నం రాలుతుంది కాబట్టి. తొమ్మిదింటి దాకా పొద్దు పోదన్నది నిజం, పొద్దు పోయేదాకా పని ఆగదన్నది రాయలేదు. నీ మీద కోపంతో వచ్చాను కదా, వచ్చిన రెండో రోజే తిరిగి వచ్చేయాలనిపించిందని నీకు ఏ మొహంతో రాయను?

ఊళ్ళోకి వారానికి ఒక్క బస్సు, గురువారం. కారు వార్డెన్ ఒక్కతే నడుపుతుంది. పోతాయేమోనని మా పాస్‌పోర్టులు బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బా తన మంచం కింద పెట్టుకుంది. వంటింటి గోడ మీద పనుల పట్టిక ఉంది. మొదట జూన్ దాకా గళ్ళు ఉండేవి. తర్వాత జూలై వచ్చి చేరింది. మొన్న నేను నీళ్ళు చల్లుతున్నప్పుడు, నిచ్చెన వేసుకుని డిసెంబరు దాకా గీసింది. ప్రతి గడిలో మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. టిక్కెట్టు సంగతి అడిగితే, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చంటుంది. నువ్వు గోడలు వదిలి వెళ్తే బీటలు తీస్తాయి కదా అంటుంది. అది మాత్రం నిజం. ఒక గోడ ఆరేసరికి ఇంకో గోడ తడుపుతారు. పొట్టికి ఇంటికి వెళ్ళాలని లేదు, దాని కారణాలు దానికున్నాయి. కాబట్టి అటూ ఇటూ చూసి ఊపిరాడక కూర్చునేది నేనొక్కదాన్నే.

వార్డెన్ చెడ్డది కాదు, వదినా. చెడ్డదైతే ఎప్పుడో పోట్లాడి వచ్చేసేదాన్ని. పగిలిన నా వేళ్ళకి తనే నూనె రాస్తుంది. నాకు కారం పడదని పొట్టితో వేరే కూర చేయిస్తుంది. ఇంత మంచిగా చూసేవాళ్ళకి వెళ్తానని చెప్పడం ఎంత కష్టమో ఇక్కడే తెలిసింది.

గది సంగతి చెప్పాలి. పెన్సిలు పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. నా గది ఎలా ఉండాలో నాకే తెలియలేదు. ఏ గీత గీసినా మన మేడ గదే వచ్చింది. అందుకే కొలతలు అడిగాను. అక్కడి నుంచి వచ్చేయడానికి కాదు. ఆ మాట రాసి ఉంటే బాగుండేది, నవ్వుతావని రాయలేదు. నువ్వేమో ఇక్కడ స్థిరపడిపోతున్నాననుకున్నావు.

గది పోయిన వారం పూర్తయింది. వార్డెన్ రెండు గ్లాసుల టీ పట్టుకుని చూడ్డానికి వచ్చింది. గడప మీదే ఆగిపోయింది. నది వైపు కిటికీ పెట్టుకోమంటే పక్క గోడకి ఎందుకు పెట్టావంది. అలమార చూసింది, గడప చూసింది. "ఇది నీ గది కాదు. మీ అన్నయ్య పోయినప్పుడు వచ్చి నేను రెండు రోజులు పడుకున్న గది" అంది.

అప్పుడు చెప్పాను, నేను వెళ్ళిపోతానని.

"రమ్మని రాశారా?" అంది.

"లేదు."

"గది కూడా ఇచ్చేయమని రాశానన్నావు కదే. మరి ఎక్కడికి వెళ్తావు?"

దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అక్కడ నా గది నేనే నోటితో పోగొట్టుకున్నాను, ఇక్కడ నా చేతులతో కట్టుకున్నదాంట్లో నిద్ర పట్టదు. అన్నీ అలాగే ఉన్నాయి, కింద నుంచి పాలవాడి మీద నీ అరుపులే లేవు. టీ చల్లారిపోయాక వార్డెన్ లేచి, "రమ్మని ఒక్క ఉత్తరం చూపించు, నేనే కారులో దింపుతాను. అప్పటిదాకా నిన్ను రోడ్డు మీద వదల్లేను" అని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ ఏడ్చింది. తలుపులు లేవు కదా, వినపడింది.

ఒక తమాషా కూడా రాస్తాను. నువ్వు మూడు ముడులన్నావు, పురికొసకి నాలుగున్నాయి. మేస్త్రీ మూడూ కొలుచుకుని, నాలుగోది దేనికని సైగ చేశాడు. తెలియదన్నాను. నేను తెలియదన్నది ఆయనకి తెలియలేదు. మర్నాడు చూస్తే ఆ కొలత ప్రకారం, నేల నుంచి మూడడుగుల ఎత్తున, గోడలో కొయ్యమేకు దిగగొట్టి చుట్టూ గార పూసేశాడు. పీకితే గోడంతా పెళ్ళలుగా ఊడి వస్తుంది. అంత కిందన మేకు ఎందుకే, దూడని కట్టేయడానికా అని పొట్టి ఒకటే నవ్వు. దానికి నా సంచి తగిలించాను. సర్దిన సంచి.

ఒక్క మాట రాయమని నువ్వు అడిగితే, కోపంలో ఇచ్చేయమన్నాను. ఇప్పుడు అదే నేను అడుగుతున్నాను. గది వద్దు. రమ్మని రాస్తావా?

నీ ఆడపడుచు


ఆగస్టు 17

అమ్మాయ్,

దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. వెంటనే బయల్దేరి రావాలి, ఇంటి దగ్గర నీతో పని ఉంది అని పెద్ద అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టాను. అది మీ వార్డెనమ్మకి చూపించు. ఇది చూపించకు.

నీ గది లేదు. మీ మేస్త్రీ గార ఎంత గట్టిదో ఇదీ అంతే, ఇక మారదు. కోడలు గోడలకి ఏదో ఆకుపచ్చ వేయించింది. అలమార మూసేసి అక్కడ బల్ల పెట్టిందట. నేను వెళ్ళి చూడలేదు. నువ్వు కూడా వచ్చీ రాగానే పైకి పోకు.

వార్డెనమ్మ మీద కోపం పెట్టుకోకు. ఆవిడ పాస్‌పోర్టు దాచింది, నేను పెట్టెలు పెట్టాను, తేడా ఏముంది? మావాడు వాటిని హాల్లోనే దింపాడు. పైకి ఎక్కించమన్నది నేను. నువ్వు ప్రయాణానికి తయారవుతుంటే నిన్ను ఎలా ఆపాలో నాకు తెలియలేదు. గది పోతుందేమోనని భయపడి ఆగిపోతావనుకున్నాను. నువ్వు ఇంకా విసురుగా వెళ్ళిపోయావు. గోడౌనా అన్న మాట నాకు వినపడింది. జవాబు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి, అందుకే వంటింట్లోకి పోయాను. ఆవిడని ఒకసారి మన ఇంటికి రమ్మను. నాలుగు రోజులుంటుంది, తాళం వేయను.

నాలుగో ముడి సంగతి. అది నీ మంచం వెడల్పు. పైకి ఎక్కిన రోజునే కొలిచాను. నీ గది వాళ్ళకి ఇవ్వాల్సి వస్తే నువ్వెక్కడ పడుకుంటావని. కిందికి వచ్చి, నా గదిలో మీ అన్నయ్య మంచం తీసేసిన చోట ఆ పురికొస పరిచి చూశాను. పట్టింది. బెత్తెడు మిగిలింది కూడా. కానీ నువ్వు ఉండిపోతానన్నాక రమ్మంటే అడ్డం పడినట్టుంటుందని రాయలేదు. ముడి విప్పేసి పంపిద్దామని కూర్చున్నాను, వేళ్ళు రాలేదు. ఇది దేనికి వదినా అని నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను. నువ్వు అడగకుండా గోడలో మేకు కొట్టించుకున్నావు.

మంచం వేసి నెల అవుతోంది. రోజూ పక్క దులుపుతున్నాను. రాత్రిళ్ళు నేను చెవి మిషను తీసేస్తాను, నీ గురక నాకు వినపడదు. నాది నీకు తప్పదు.

ఆ మేకుకి తగిలించిన సంచి తీసుకుని వచ్చేయ్.

వదిన